చెల్లెలి చేలో రాలిన చుక్క

ఓడ రేవు వదిలింది. ఇంక దిగడానికి లేదు అనుకుంది బిర్తె, ఒళ్ళోని చేతిసంచీని రెండు చేతులా పొదివి పట్టుకుని. చూసేవాళ్ళు పసిపిల్లని పట్టుకున్నట్టుందే అనుకుంటారేమోనని ఒక చెయ్యి తీసేసింది, సంచీ కాస్త కదలగానే ఆ చెయ్యి దానంతటదే మళ్ళీ వచ్చి మీద వాలింది. సంచీ అడుగున ఆమె ఊలు టోపీ, టోపీలో పిడికెడంత నల్లటి రాయి, ఆ పైన చెల్లెలు విబెకె పొట్లం కట్టి ఇచ్చిన కేకు ముక్క. నాలుగు రోజుల కిందట ఆ రాయి ఈ లోకంలో లేదు. ఊళ్ళో లేదనో దేశంలో లేదనో కాదు, నిజంగానే ఈ లోకంలో లేదు. అంగారకుడికీ గురుగ్రహానికీ నడుమ ఎక్కడో, భూమి మీద మొదటి చేప ఈదకముందు నుంచీ చీకట్లో తిరిగి తిరిగి, మంగళవారం సాయంత్రం వచ్చి సాంసో దీవిలో తన చెల్లెలి బంగాళదుంపల చేలో పడింది. ఇంత భూమి ఉండగా, ఇన్ని సముద్రాలు నోళ్ళు తెరుచుకుని ఉండగా. పదేళ్ళ పిల్లప్పటి నుంచీ మెడ నొప్పెట్టేదాకా పైకి చూసిన బిర్తె పెరట్లో కాదు, బూట్లకి మట్టి అంటిందా లేదా అని ఎప్పుడూ కిందికే చూసే విబెకె చేలో. ఇందాక చెల్లెలి పుట్టినరోజు బల్ల దగ్గర అందరి ముందూ ఆ రాయిని చేతిలోకి తీసుకుని "ఇదా? ఇది కొలిమి చిట్టెం" అంది బిర్తె. అంత పెద్ద అబద్ధం అంత చిన్న గొంతుతో వచ్చేస్తుందని అరవై రెండేళ్ళు వచ్చినా ఆమెకి తెలియదు. నేరేడు గింజ ఉమ్మేసినట్టు ఉమ్మేసింది, అంతే.

కిటికీ అవతల సముద్రం బూడిదరంగులో ఉంది, చలికాలం పోనూ లేదు, వసంతం రానూ లేదు. ఫలహారశాలలో ఎర్ర సాసేజీలు వేడెక్కుతున్న వాసన. గోడ మీది టీవీకి గొంతు లేదు. అందులో ఎక్కడిదో ఒక రాకెట్ వెనక్కి వచ్చి, నిప్పులు కక్కుకుంటూ, చెప్పిన చోటే నిలువునా దిగింది. కాఫీ తాగుతున్న లారీ డ్రైవరు తలైనా తిప్పలేదు. మొదటిసారి అది చూసినప్పుడు బిర్తె ఏడ్చింది, తన చెవి మెషిన్ల దుకాణంలో, ఒకటి బాగుచేయించుకోవడానికి వచ్చిన పెద్దాయన కంగారుపడేలా. ఇప్పుడది ఊరి బస్సయింది, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. దాని మీద ఆమెకో అభిప్రాయం ఉంది. అన్నిటి మీదా ఉంది. ఓడర్ పట్నంలో వారానికోసారి ఇంటింటికీ ఉచితంగా పడే పత్రికలో నెలకి ఒక పుట ఆమెది, ఆకాశవార్తల పుట. అక్కడ వాళ్ళు రాకెట్లు దింపుతుంటే మన యూరప్‌లో సమావేశాలు దింపుతున్నాం, ఒక సమావేశం దిగగానే ఇంకోటి లేస్తుంది అని రాసింది. డబ్బున్నవాళ్ళు పది నిమిషాలు పైకి వెళ్ళి, కళ్ళు తుడుచుకుంటూ దిగి, భూమి ఎంత చిన్నదో తెలిసిందని చెబుతుంటే, ఆ సంగతి మా ఇంటి మేడ మీంచి చూసినా తెలుస్తుంది అని రాసింది. వరసగా పోయే ఉపగ్రహాలని జనం ముత్యాల దండ అని మురుస్తుంటే, తను తీసిన ప్రతి నక్షత్రాల ఫోటో మీదా పిల్లి గీరినట్టు గీతలు పడుతున్నాయని మూడు నెలలు వరసగా రాసింది. వేరే సూర్యుడి దగ్గర్నుంచి వచ్చిన తోకచుక్కని ఎవరో అదిగో గ్రహాంతరవాసుల ఓడ అంటే టీవీలన్నీ వాళ్ళ వెంటే పడ్డాయి. అది మంచూ దుమ్మూ అన్నవాళ్ళని ఒక్కడూ పిలవడు. అన్నీ న్యాయమైన మాటలే. అయినా ఇప్పుడు, ఈ సంచీ ఒళ్ళో పెట్టుకుని తలుచుకుంటే, ఆ పుటలన్నీ ఒకచోట పేర్చి నీళ్ళలో నానబెడితే సిరా అంతా కరిగిపోయి అడుగున ఒక్క వాక్యమే మిగులుతుందేమో: నేనెందుకు కాదు?

మంగళవారం సాయంత్రం కూడా అదే రాస్తోంది. చంద్రుడి చుట్టూ నలుగురు మనుషుల్ని తిప్పి తెచ్చే యాత్ర మళ్ళీ వాయిదా పడిందని వార్త వస్తే, వీధి దీపం కంప్యూటరు మీద పడకుండా తెర లాగి, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, 'మనకి చంద్రుడు దూరం కాలేదు, మనమే సోమరులమయ్యాం' అనే వాక్యాన్ని దిద్దుతోంది. 'సోమరుల'మా 'పిరికివాళ్ళ'మా అని తేల్చుకోలేక ఉన్న ఆ కాస్త సేపట్లోనే తెర అవతల ఆకాశం తెల్లగా వెలిగి ఆరిపోయింది. జట్‌లాండ్ తూర్పు తీరం మొత్తం చూసింది. బస్సు డ్రైవర్లు చూశారు, కుక్కల్ని తిప్పేవాళ్ళు చూశారు, ఫుట్‌బాల్ ఆడుతున్నవాళ్ళు బంతి వదిలేసి చూశారు. తెర సందులోంచి వెలుగొచ్చి గోడ మీద పడితే బిర్తె పక్కింటివాళ్ళ కారు అనుకుంది. మర్నాడు నక్షత్రాలు చూసేవాళ్ళ సంఘం అధ్యక్షుడు టోర్కిల్, ఇంటి కప్పు మీద కెమెరా పెట్టుకున్నవాడు, టీవీలో ప్రత్యక్షమై వేలితో గీత గీసి చూపించాడు. సాయంత్రం ఫోన్ చేసి, "నువ్వు చూళ్ళేదా? నువ్వా బిర్తె?" అన్నాడు. ఆ 'నువ్వా'లో జాలి ఉంది, జాలి కింద చక్కెర ఉంది. గురు శుక్రవారాలు దుకాణం మూసి, అతను గీసిన గీత వెంటే రేవుకి ఇవతలి పొలాల్లో ఆమె నడిచింది, మోకాళ్ళు పట్టేసేదాకా, నల్లగా కనపడ్డ ప్రతిదాన్నీ వంగి చూస్తూ. గొర్రెపెంటికలు. కాలిన బొగ్గు. ఎవరిదో తోలు చెప్పు. ఆ సమయంలో రాయి సముద్రానికి అవతల, విబెకె వంటింటి కిటికీలో, ఉల్లినారు కుండీ పక్కన కూర్చుని ఉంది.

బల్ల మీద దాన్ని చూసిన క్షణం మళ్ళీ వచ్చింది, ఆపుకుందామన్నా వచ్చింది. పెరట్లో జెండా ఎగరేశారు, మూడు పొరల మీగడ కేకు మీద కాగితపు జెండాలు గుచ్చారు, అందరూ నిలబడి పాట పాడారు, విబెకె మొగుడు ప్రేబెన్ అందరికంటే గట్టిగా, శ్రుతికి ఒక మెట్టు పైన. పాట అయ్యాక అతను పింగాణీ గిన్నె ఒకటి తెచ్చి బిర్తె ముందు పెట్టాడు, పెళ్ళిలో బహుమతి ఇచ్చినట్టు. "చూడు వదినా. మొదట కాకులనుకున్నా. తర్వాత పక్కవాడి కుక్క అనుకుని వాడితో పోట్లాడా కూడా. కొత్త ప్లాస్టిక్, దుంపల మీద పరిచి వారం కాలేదు, ఇంత బొక్క! కింద చెయ్యి పెడితే ఇదీ. చంద్రలోకం వాళ్ళు నీకు చుట్టాలు కదా, ఇది మీ తాలూకా కాదా చెప్పు." అందరూ నవ్వారు. బిర్తెకి ఆ నవ్వు వినపడలేదు. మాడిన రొట్టె పైపెంకులా పలచటి నల్లపొర, దాని మీద బొటనవేలితో నొక్కినట్టు చిన్న చిన్న గుంటలు, ఒక మూల పెచ్చు ఊడి లోపల లేత బూడిదరంగు, ఆ బూడిదలో ఆవగింజల్లాంటి గుండ్రాలు, మధ్య మధ్య లోహపు మెరుపు. మ్యూజియాల్లో అద్దం అవతల చూసింది, పుస్తకాల్లో చూసింది, కలల్లో చూసింది. అద్దం లేకుండా ఇదే మొదలు. ప్రేబెన్ ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం పీకి తెచ్చాడు. "అంటుకుంటుందేమో చూద్దాం" అంటూ వంగాడు. వద్దు అని అరవబోయింది బిర్తె, దాని లోపల కోట్ల ఏళ్ళ నాటి అయస్కాంతపు గుర్తు ఉంటుంది, నీ ఫ్రిజ్ బొమ్మతో తుడిచేస్తావు, మూర్ఖుడా అని. ఆమె నోరు తెరిచేలోపే విబెకె అతని చెయ్యి పక్కకి తోసేసింది. "వద్దు. పెట్టకూడదు. అక్క పోయినేడు పత్రికలో రాసింది కదా, చదవలేదూ?"

తన పుట చదువుతుంది. అదీ తెలిసింది ఇవాళే. దీవిలో ఆ పత్రిక పడదు, ఎవరి చేతో తెప్పించుకుంటుందన్నమాట. ఇంకొకరికైతే కళ్ళు చెమర్చేవి. బిర్తె మాత్రం అనుకుంది: నా మాటలు కూడా చివరికి దీనికే పనికొచ్చాయి, నేను పోగుచేసిన తెలివి కూడా దీని రాయిని కాపాడటానికే. అప్పుడు చెయ్యి చాచి రాయి తీసుకుంది, బరువు చూస్తున్నట్టు రెండుసార్లు ఎగరేసి పట్టుకుంది, "కొలిమి చిట్టెం" అంది. "పూర్వం ఈ దీవిలో కమ్మరి కొలిములుండేవి కదా. ఇనుము కరిగించగా మిగిలిన తెట్టు. దున్నినప్పుడల్లా పైకి వస్తుంటుంది." ప్రేబెన్ మొహం వాడిపోయింది. "మరి ప్లాస్టిక్ పైనుంచి కదా చిరిగిందీ?" "కాకి," అంది బిర్తె. "నువ్వు మొదట అనుకున్నదే నిజం." ఎవరో హాయిగా నవ్వి ఇంకాస్త కాఫీ పోయమన్నారు. విబెకె మాత్రం అక్క మొహంలోకి ఒక్కసారి చూసి, కత్తి తీసుకుని, అడగకుండానే ఇంకో కేకు ముక్క కోసి ఆమె పళ్ళెంలో పెట్టింది. బయలుదేరేటప్పుడు, చలికోటు గుండీలు పెట్టుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు బిర్తె అంది: "ఆ చిట్టెం నాకిచ్చెయ్యవే. కిటికీలో పూలకుండీ కింద పెట్టుకుంటా, ఊగుతోంది." విబెకె వెళ్ళి తెచ్చి చేతిలో పెట్టింది. సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చి, జారుతుంది చూసి నడువు అంది.

"అయ్యో, మెషిన్ అమ్మాయివి కదూ!" ఎదుటి కుర్చీలో ఎవరో కూలబడ్డారు. బిర్తె సంచీని కడుపుకి అదుముకుంది. అగ్నెతె, విబెకె వాళ్ళ ఊరి ముసలావిడ, ఎనభై దాటింది, రెండేళ్ళ కిందట ఓడర్ వచ్చి బిర్తె దుకాణంలోనే రెండు చెవులకీ మెషిన్లు పెట్టించుకుంది. హోర్సెన్స్‌లో కూతురి దగ్గరికి పోతోందట. పుట్టినరోజు ఎలా జరిగింది, ప్రేబెన్ పాడాడా, దేవుడా ఆ గొంతు, నా మెషిన్లు తీసేయొచ్చనిపిస్తుంది అని నవ్వి, కుర్చీ ముందుకి జరుపుకుంది. "నీకు చెప్పాలనుకుంటున్నా. మంగళవారం నేను కోళ్ళగూడు మూయడానికి బయటికొచ్చా. చూద్దును కదా, నా నీడ గోడ మీద పరిగెడుతోంది! నేను కదల్లేదు, నా నీడ పరిగెడుతోంది. తలెత్తితే ఆకుపచ్చ నిప్పు. ఆకుపచ్చ, నమ్ముతావా? తోక తెగి మూడు ముక్కలై పోయింది. తర్వాత అంతా గప్‌చిప్. లోపలికి పోదామని తిరిగాను, అప్పుడు మోగింది చూడూ, ఉరుము కాదు, ఎవరో పెద్ద తలుపు దూరంగా వేసినట్టు. కోళ్ళన్నీ ఒక్కసారే నోరుమూశాయి. మా ఆయన ఉంటే నీకు చెవుడు, కలగన్నావు అనేవాడు. కలేమిటి, నువ్వు పెట్టిన మెషిన్లోంచే విన్నాను నేను!" బిర్తె చేయి పట్టుకుని ఊపింది. "నీ చలవ తల్లీ. నువ్వైతే ఇంకా బాగా చూసుంటావు, నీకు తెలిసినవి కదా అవన్నీ." బిర్తె అవునంది. బాగా కనపడిందంది. ఆకుపచ్చ రంగు ఎందుకొస్తుందో కూడా చెప్పింది, లోహాలు కాలడం గురించి, వెలుగు ముందు వచ్చి మోత వెనకాల రావడం గురించి, అచ్చం చూసినదానిలాగే, గొంతు వణక్కుండా. ముసలావిడ నోరు తెరుచుకుని విని, ఎంత తెలుసమ్మా నీకు అని మెచ్చుకుని, సాసేజీ కొనుక్కోవడానికి లేచి వెళ్ళింది. నా నీడ గోడ మీద పరిగెత్తింది. ఆ ఒక్క వాక్యం కోసం బిర్తె తన పుటలన్నీ ఇచ్చేస్తుంది. ఆ చెవుల్లోకి ఆ మోతని తనే స్వయంగా అమర్చి పంపింది, చిన్న స్క్రూ తిప్పి, వినపడుతోందా అని పదిసార్లు అడిగి.

ఎప్పుడూ ఇంతే. పదమూడో ఏట, మార్చి నెలే, తెల్లవారుజామున గొప్ప తోకచుక్క కనిపిస్తుందని వార్త వస్తే బిర్తె నెల ముందు నుంచీ అలారం పెట్టుకుని లేవడం అలవాటు చేసుకుంది, అట్టముక్క మీద ఆకాశం గీసి దారి గుర్తులు పెట్టుకుంది. ఆ వారమే గవదబిళ్ళలు వచ్చాయి. అమ్మ గొళ్ళెం పెట్టింది. ఎనిమిదేళ్ళ విబెకె ఉచ్చకి లేచిందట, నాన్న ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళాడట, చూసొచ్చి చల్లటి పాదాలతో పక్క మంచం ఎక్కి, "చీపురులా ఉందక్కా" అని నిద్రపోయింది. చీపురట. నలభై ఏళ్ళు దాటాక, ఉత్తరాన ట్రోమ్సోకి పోయి అయిదు రాత్రులు మబ్బు కింద బిర్తె గడ్డకట్టుకుపోతుంటే, ఆ రాత్రుల్లోనే ఒకదాంట్లో ధ్రువకాంతులు దారి తప్పి దక్షిణానికి దిగి సాంసో మీద నాట్యమాడాయి; చెత్తబుట్ట బయట పెట్టడానికి వచ్చిన విబెకె చూసి, ఫోన్లో ఫోటో తీసి, 'ఇవేనా నువ్వు చెప్పేవి?' అని పంపింది. దాని తప్పు లేదు. ఎన్నడూ లేదు. అదే అసలు బాధ. తప్పు చేసినవాళ్ళని తిట్టుకోవచ్చు, క్షమించనూ వచ్చు. అదృష్టం ఒళ్ళో వచ్చి పడ్డప్పుడల్లా, ఇదెందుకు పడింది ఇక్కడ అన్నట్టు అమాయకంగా చూసే మనిషిని ఏం చేయాలి? పడ్డ అదృష్టానికి విలువైనా తెలియదు. బిర్తెకి తెలుసు. అప్పుడెప్పుడో ఒక గ్రహశకలం మీదికి నౌకని పంపి, ఏడేళ్ళు కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసి, గుప్పెడు మట్టి తెచ్చుకుంటే లోకమంతా పండగ చేసుకుంది. ఈ సంచీలో అంతకు రెండింతలుంది. అంగారకుడి మీద గొట్టాల్లో మట్టి నింపి నేల మీద పెట్టి, తెచ్చే డబ్బుల్లేవని అక్కడే వదిలేస్తే, దిక్కులేని సామానులా పడున్నాయి. దాని మీద కిందటి నెల పుట అంతా నిప్పులు చెరిగింది. ఇది మాత్రం పైసా ఖర్చు లేకుండా, పిలవకుండా వచ్చింది. వచ్చినదాన్ని ఎవరు గుర్తుపట్టారు? ముక్కుతో వాసన పట్టినట్టు పట్టుకున్నది ఎవరు? కాబట్టి నాది అనుకుంది, సంచీ అంచు మీద వేళ్ళు బిగించి. కాబట్టి నాది.

నాదైతే ఏం చేస్తాను? ఇంటికి వెళ్ళి తలుపేసుకుని బల్ల మీద పెడతాను. చూస్తాను. భూతద్దం తెస్తాను. తర్వాత? టోర్కిల్‌కి చూపించలేను, ఎక్కడ దొరికింది అంటాడు. పుటలో రాయలేను. ఈ దేశంలో ఎక్కడ రాలిన ఉల్కైనా ప్రభుత్వానిదే, మ్యూజియానికి అప్పగించి తీరాలి, ఆ చట్టం గురించి రాసింది కూడా తనే, 'ఆకాశం అందరిదీ కాబట్టి' అని ముగించి. రాలిన రాయికి దగ్గరి ఊరి పేరు పెడతారు; ఊరు చెప్పని రాయికి పేరుండదు, పేరు లేని రాయి రాయే. అంతకంటే ఘోరం ఇంకోటుంది, దాన్ని ఆలోచించకుండా ఉందామని రేవు నుంచీ కిటికీలోంచి బయటికి చూస్తోంది. అంతరిక్షపు కిరణాలు తగిలి దాని లోపల పుట్టిన కొత్త పరమాణువులు కొన్ని ఉంటాయి, రోజుల్లో వారాల్లో ఆరిపోయేవి. అవి ఆరకముందే ప్రయోగశాలకి చేరితే ఆ రాయి ఎక్కడ తిరిగిందో, ఎంత పెద్ద బండ నుంచి విడిపోయిందో చెబుతుంది. చేరకపోతే చెప్పదు, ఇంకెప్పటికీ చెప్పదు. ఇప్పుడు, ఈ ఒళ్ళో, ఈ కేకు ముక్క కింద, అది మాట్లాడుతూనే ఉంది, కొంచెం కొంచెంగా గొంతు పోగొట్టుకుంటూ. చెవిటివాళ్ళకి వినికిడి అమ్మే మనిషి దాని నోరు నొక్కి కూర్చుంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది, తిరిగి వచ్చింది. పోనీ సముద్రంలో పడేస్తే? నాకూ లేదు, విబెకెకీ లేదు. డెక్కు మీదికి పోయే తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. ఆ ఆలోచన వచ్చినందుకు కాదు, వచ్చి అంత హాయిగా కూర్చున్నందుకు బిర్తెకి భయమేసింది. ఎవరు నేను అనుకుంది. ఒక్క ముక్క మంచి ఉందా నాలో?

అప్పుడు ఫోన్ మోగింది. విబెకె.

"అక్కా, కూర్చున్నావా, నిలబడ్డావా? గాలి ఎక్కువగా ఉంది కదా."

"కూర్చున్నా. ఏమిటే?"

"ఏం లేదు. ప్రేబెన్ గాడిద పని ఒకటి చేశాడు. నాకు చెప్పకుండా పొద్దున్నే మ్యూజియానికి ఫోన్ చేశాడట, ఇలా ఒక రాయి దొరికిందని. వాళ్ళిప్పుడు తిరిగి చేశారు. రేపు మొదటి ఓడకి వస్తారట, ఇద్దరు. ఫోటో పంపాడంట ముందే."

బిర్తె ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. ఓడ యంత్రం కాళ్ళ కింద గుర్రుమంటోంది.

"నేను చెప్పాను," అంది విబెకె, మామూలుగా, దుంపల ధర చెప్పినట్టు, "మా అక్కకి ఇవన్నీ తెలుసు, వెలుతురులో ఇంకోసారి సరిగ్గా చూస్తానని పట్టుకెళ్ళింది, రేపటికి తెస్తుంది అని. సరిగ్గానే చెప్పానా?"

తన అబద్ధం కంటే ఆ అబద్ధం ఎంత శుభ్రంగా ఉందో. అంచులు కుట్టి, ఇస్త్రీ చేసి, తొడుక్కోమని చేతికిచ్చినట్టు. చేతులు దూరిస్తే చాలు. బిర్తె గట్టిగా దగ్గింది.

"విబెకె, అది చిట్టెం కాదు."

"తెలుసులే."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"నీ చెయ్యి వణికింది. చిట్టేనికి ఎవరి చెయ్యీ వణకదు."

"మరి నేను అడగ్గానే ఎందుకిచ్చావు?" కోపంగానే వచ్చింది మాట, తప్పంతా అవతలివాళ్ళదైనట్టు.

వెనకాల గిన్నెలు కడుగుతున్న చప్పుడు. "అడిగావు కాబట్టి ఇచ్చాను. నువ్వు నన్ను ఏనాడైనా ఒక్కటి అడిగావా అక్కా? చిన్నప్పుడు నా కేకు నీకిస్తే, నాకక్కర్లేదు పో అనేదానివి. ఇవాళే మొదటిసారి అడిగావు. చిట్టెమో చుక్కో, ఇచ్చేశాను." తర్వాత గొంతు మార్చి, "రేపు వాళ్ళతో నువ్వే మాట్లాడాలి, నాకేం తెలుసు? నేను నోరు తెరిస్తే రాయి పడింది అని ఊరుకుంటా. వస్తావా? పక్క వేయనా?"

వెయ్యి అని చెప్పి ఫోన్ పెట్టేసి, బిర్తె బల్ల మీది కాఫీ మరకని వేలితో తుడిచింది. సిగ్గు ఉంది, బోలెడు ఉంది, చెవులు కాలేంత. కానీ సిగ్గు కింద, కడిగినా పోని జిడ్డులా, ఇంకా అదే ఉంది. ఇది కూడా దానికే చేతనైంది చూడు. చూసి, తెలిసి, అందరి ముందూ నన్ను ఒక్క మాట అనకుండా, కేకు కోసి పళ్ళెంలో పెట్టడం. రాయి ఒక్కటే అనుకుంది ఇంతసేపూ. ఆ మనసు కూడా తనకి రావాల్సింది, పెద్దది కదా, వరసలో ముందు నిలబడింది కదా, అదెలా పోయి దాని ఒళ్ళో పడింది? ఏడుపూ నవ్వూ కలిసి ముక్కులోంచి ఏదో శబ్దం వచ్చింది. సాసేజీ తింటున్న అగ్నెతె అటువైపు నుంచి జలుబా తల్లీ అని కేకేసింది.

అవతలి ఒడ్డున, హౌ రేవులో జనం దిగిపోతుంటే బిర్తె దిగే మెట్ల దగ్గర నిలబడి ఉండిపోయింది. తాళ్ళు సర్దుతున్న ఓడ పనివాడు చూశాడు. "దిగరా అమ్మా? ఇది మళ్ళీ వెనక్కే పోతుంది." వెనక్కే పోవాలి అంది. "ఏమైనా మర్చిపోయారా అక్కడ?" "మర్చిపోలేదు. ఎక్కువ తెచ్చేశాను." అతనికి అర్థం కాలేదు, అయినా దారి ఇచ్చి, రేవులో టికెట్ కొనుక్కురండి, ఆగుతాం అన్నాడు. తిరుగు ప్రయాణంలో ఆమె సంచీని ఒళ్ళో పెట్టుకోలేదు, కేకు పొట్లం తీసి పక్కన పెట్టింది, టోపీ మడత కాస్త విప్పింది. ముట్టుకోలేదు. చూసింది. ఆ నల్లపొర, ఆ గుంటలు, ఆ బూడిదరంగు మూల. ఇంకో గంటే ఇది తన దగ్గరుంటుంది. ఆ గంటా ఆమె దేని గురించీ ఏ అభిప్రాయమూ అనుకోలేదు, చూస్తూ కూర్చుంది, అంతే.

సాంసోలో, సేల్విగ్ రేవులో విబెకె కారు పక్కన నిలబడి ఉంది, పుట్టినరోజు గౌను మీద ప్రేబెన్ కోటు, కాళ్ళకి చేలో వేసుకునే బూట్లు. బిర్తె ఎదురెళ్ళి టోపీని రెండు చేతులతో చాచింది. విబెకె అందుకోలేదు. "నువ్వే పట్టుకో. నేను బండి నడపొద్దూ?" అని తలుపు తీసింది. ఇద్దరూ ఎక్కారు. రోడ్డుకి రెండు పక్కలా ప్లాస్టిక్ కప్పిన చేలు, గాలికి ఉబ్బుతూ దిగుతూ, తెల్లటి నీళ్ళలా. బిర్తెకి ఒకటి అడగాలని ఉంది, అడిగితే అగ్నెతెతో చెప్పిన చివరి అబద్ధం కూడా ఊడిపోతుంది, ఊడిపోతే పోయింది అనుకుంది.

"నేను చూళ్ళేదే మంగళవారం. తెర వేసుకుని రాసుకుంటున్నా. ఎలా ఉందో చెప్పు."

"నాకేం తెలుసు?" అంది విబెకె, గేరు మారుస్తూ. "ప్రేబెన్ చూశాడు, ఊరంతా చూసింది. నేను నేలమాళిగలో విత్తనం దుంపలు ఏరుతున్నా. ఏదో దబ్ మంటే పైన పిల్లి కుండీ పడేసిందనుకుని దాన్ని తిట్టా. పైకొచ్చేసరికి అంతా అయిపోయింది."

బిర్తె తల తిప్పి చూసింది. విబెకె రోడ్డునే చూస్తోంది, నిజమే చెబుతోంది, దానికి అబద్ధం చెప్పే అవసరం ఏముంది. చూళ్ళేదు. ఇది కూడా చూళ్ళేదు. బిర్తె పొట్టలో, పొద్దుటి నుంచీ రాయిలా ఉన్నచోట, వెచ్చగా, తియ్యగా, సిగ్గులేకుండా ఏదో కరిగి పాకడం మొదలుపెట్టింది. పెదాలు బిగపట్టింది. లాభం లేకపోయింది.

"అయ్యో పాపం," అంది, చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి. "చాలా బాగుందట."

ఆ సంతోషం ఎంతకీ దాగలేదు. విబెకె ఓరగా అక్క మొహం చూసి పకపకా నవ్వడం మొదలుపెట్టింది.